ఉక్రెయిన్ కండక్టర్లు పాఠాలు ఎందుకు చెబుతారు? మికోలా కొలెస్సా జీవితం నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. ఒక్సానా లినివ్ అనే ఉక్రెయిన్ ఆవిడ ఆర్కెస్ట్రాను నడిపించే వీడియో చూసినప్పటి నుంచి తనూ కండక్టర్ అవుతానంటోంది. ఆ దేశంలో ఈ వృత్తి ఎలా నడుస్తుంది? అక్కడి కండక్టర్లలో ఎవరి గురించి చదివినా 'సంగీత ఉపాధ్యాయుడు' అని కూడా రాసి ఉంటోంది. కచేరీలు లేకపోతే పాఠాలు చెప్పుకుని బతకాలా?"

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కాదండీ, అక్కడ పాఠం చెప్పడం కచేరీలు దొరకనివాళ్లు చేసుకునే పని కాదు. రాజధానిలో ఒపేరా థియేటర్ నడిపిన పెద్దవాళ్లు కూడా కన్సర్వేటరీలో, అంటే ఉన్నత సంగీత విద్యాలయంలో, క్లాసు వదులుకోలేదు. అది ఆ వృత్తిలో సగం. ఎందుకో అర్థమైతే మీ అమ్మాయి ఏం చదవాలో, ఎంతకాలం ఓపిక పట్టాలో కూడా అర్థమవుతుంది.

నేను సికింద్రాబాద్‌లో పాతికేళ్లకు పైగా వయొలిన్ నేర్పుతున్నాను. కండక్టర్‌ని కాదు. కానీ ఒక వేసవిలో జర్మనీలో మూడు వారాల కండక్టింగ్ కోర్సు చేశాను. అక్కడ మాకు నేర్పినాయన పశ్చిమ ఉక్రెయిన్‌లోని ల్వివ్ నగరంలో చదువుకున్న ఉక్రెయిన్ మాస్టారు. కొలెస్సా పేరు నేను మొదట విన్నది ఆయన నోటే. ఆయన గురువుకి కొలెస్సా గురువు. ఆ పేరు చెప్పేటప్పుడు, మన విద్వాంసులు గురువుగారి పేరు తలుచుకునేటప్పుడు చూపించే గౌరవమే ఆయన ముఖంలోనూ కనిపించింది.

మికోలా కొలెస్సా 1903 డిసెంబర్ 6న సాంబిర్ అనే ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి ఫిలారెత్ కొలెస్సా జానపద సంగీత పరిశోధకుడు. ఉక్రెయిన్ పల్లెల్లో కోబ్‌జార్లు అనే గాయకులుండేవాళ్లు, చాలామంది అంధులు. తంత్రీవాద్యం మీటుతూ పాత వీరగాథలు పాడేవాళ్లు. మన బుర్రకథ, జంగం కథ చెప్పేవాళ్లను తలుచుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది. 1908లో ఫిలారెత్ ఫోనోగ్రాఫ్ మైనపు సిలిండర్ల మీద వాళ్ల పాటలు రికార్డు చేశారు, విని స్వరాలు రాశారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు 1920ల్లో ప్రాగ్ కన్సర్వేటరీకి వెళ్లి, వీతెజ్‌స్లావ్ నోవాక్ అనే చెక్ స్వరకర్త దగ్గర రచన నేర్చుకుని, కండక్టింగ్ కూడా పట్టుకుని 1931లో ల్వివ్ తిరిగి వచ్చాడు.

వచ్చి మొదలుపెట్టిన పని ఏమిటనుకున్నారు? పాఠాలు. లిసెంకో ఉన్నత సంగీత సంస్థలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయన పుట్టిన 1903లోనే పెట్టిన సంస్థ అది. అప్పటికి ల్వివ్ పోలండ్ చేతిలో ఉంది. ఉక్రేనియన్లకు సొంత ప్రభుత్వం లేదు, ప్రభుత్వ డబ్బుతో నడిచే సొంత ఆర్కెస్ట్రా లేదు. ఉన్నవి చర్చి కోరస్‌లు (బృందగాన బృందాలు), గాన సంఘాలు, చందాలతో నడిచే ఈ సంగీత బడి. కొలెస్సా పొద్దున పాఠం చెప్పి సాయంత్రం కోరస్‌లను నడిపేవారు. ఆర్కెస్ట్రా లేని చోట కండక్టర్ కావాలంటే ముందు వాయించేవాళ్లను తయారు చేసుకోవాలి. పాఠం చెప్పడం ఈ వృత్తిలో భాగమైపోవడానికి ఇదొక కారణం. మన దగ్గర ఎవరైనా కండక్టర్ కావాలనుకుంటే మొదటి రోజే ఎదురయ్యే పరిస్థితి కూడా ఇదే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

రెండో కారణం ఈ విద్య స్వభావంలోనే ఉంది. వయొలిన్ మీ అమ్మాయి గదిలో తలుపు వేసుకుని సాధన చేయగలదు. కండక్టర్ వాయించేది మనుషులను. అరవై డెబ్భై మంది ఎదురుగా కూర్చోకపోతే సాధన లేదు, ఆ అరవై మందిని ఏ విద్యార్థికీ రోజూ ఎవరూ ఇవ్వరు. అందుకని ఉక్రెయిన్ కన్సర్వేటరీల్లో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి ఇదీ: గదిలో రెండు పియానోలు ఉంటాయి. ఇద్దరు పియానిస్టులు ఆర్కెస్ట్రా మొత్తాన్ని పంచుకుని వాయిస్తారు. విద్యార్థి వాళ్లిద్దరి ఎదుట నిలబడి చెయ్యి కదుపుతాడు. పక్కన గురువు. వారానికి కొన్ని గంటలు, ఐదేళ్ల పాటు.

నేను ఆ రెండు పియానోల ముందు నిలబడ్డ మొదటి రోజు చెబుతాను. బీథోవెన్ ఐదో సింఫనీ మొదలు. "ట-ట-ట-టాఁ" అని అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలే. తెలిసిన సంగీతమే కదా అని ధైర్యంగా చెయ్యి కిందికి దించాను. ఒక పియానో వెంటనే మోగింది, రెండోది మోగనే లేదు. మళ్లీ దించాను. ఈసారి ఇద్దరూ మోగారు కానీ తలో వేగంలో. విషయం ఏమిటంటే ఆ సింఫనీ స్వరంతో మొదలవదు, చిన్న విరామంతో మొదలవుతుంది. దెబ్బ పడ్డాక అర క్షణం ఖాళీ, ఆ తర్వాతే మొదటి "ట". కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు అనాగత ఎడుపు అంటే వెంటనే తడుతుంది: తాళం ముందు పడుతుంది, పాట తర్వాత ఎత్తుకుంటుంది. తాళం వేసేవాడు గాయకుడే అయితే ఇబ్బంది లేదు. వేసేది ఒకరు, ఎత్తుకునేది డెబ్భై మంది అయితే, ఆ ఖాళీ ఎంత పొడుగో అందరికీ ముందే తెలియాలి. అది చెప్పేది కిందికి దిగే చెయ్యి కాదు, దానికి ముందు పైకి లేచే చెయ్యి. దాన్ని వాళ్లు ఔఫ్‌టక్ట్ అంటారు, జర్మన్ మాట.

మాస్టారు ఏమీ అనలేదు. నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టారు. నన్ను ఊపిరి పీల్చమన్నారు. నేను పీలుస్తుంటే అదే వేగంతో నా చేతిని పైకి లేపారు, ఆ ఊపులోనే కిందికి వదిలారు. పియానోలు రెండూ ఒక్కటిగా మోగాయి. ఆ ఊపిరిలో వేగం ఉంది, బలం ఉంది, ఎంత కోపంగా వాయించాలో అదీ ఉంది. తర్వాత నలభై నిమిషాలు ఆ ఒక్క లేపడమే చేయించారు. ఈ చిన్న సంగతి పుస్తకంలో చదివితే రాదు, వీడియో చూసినా రాదు. ఒక చెయ్యి ఇంకో చెయ్యిని పట్టుకుని నేర్పాలి. తన చేతిని ఎవరో అలా పట్టుకుని నేర్పిన కండక్టర్, తర్వాత ఇంకొకరి చేతిని పట్టుకోకుండా ఎలా ఉంటారు చెప్పండి.

పుస్తకంలో రాదన్నాను గానీ, కొలెస్సా పుస్తకం రాశారు. 1960లో కీవ్‌లో అచ్చయింది, పేరుకి అర్థం "కండక్టింగ్ సాంకేతికత పునాదులు". ఈ విషయం మీద ఉక్రేనియన్ భాషలో వచ్చిన తొలి పాఠ్యపుస్తకాల్లో అదొకటి. అప్పట్లో సోవియట్ యూనియన్‌లో పెద్ద చదువుల పుస్తకాలు ఎక్కువగా రష్యన్‌లో వచ్చేవి. సొంత భాషలో ఒక విద్యకు మాటలు సమకూర్చడం ఎంత పనో మనకు బాగా తెలుసు. ఈ పుస్తకాన్ని నేను ఆయన సింఫనీలకంటే తక్కువగా చూడను.

ఆయన ఉద్యోగ జీవితాన్ని ఏకరువు పెట్టను. 1940ల్లో, 50ల మొదట్లో ల్వివ్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాను, ఒపేరాను, "త్రెంబీతా" అనే కోరస్‌ను నడిపారు. 1953 నుంచి 1965 దాకా కన్సర్వేటరీకి రెక్టార్, అంటే అధిపతి. మధ్యలో రెండు సింఫనీలు, సూట్లు అనే చిన్న భాగాల వరస రచనలు, పియానో రచనలు, జానపద బాణీలకు కోరస్ కూర్పులు. అన్నింటిలోనూ కార్పాతియన్ కొండల పాట వినిపిస్తుంది. కానీ ఆ రెక్టార్ కుర్చీ ఎలాంటి కాలంలో వచ్చిందో తెలియాలంటే వసీల్ బర్వీన్‌స్కీ గురించి చెప్పాలి.

బర్వీన్‌స్కీ కూడా ప్రాగ్‌లో నోవాక్ శిష్యుడే, కొలెస్సాకంటే పదిహేనేళ్లు పెద్ద. లిసెంకో సంస్థను ఏళ్ల తరబడి నడిపిన స్వరకర్త, పియానిస్టు, కన్సర్వేటరీకి అధిపతి. 1948లో సోవియట్ పోలీసులు ఆయన్ను అరెస్టు చేసి పదేళ్లు రష్యాలోని మొర్దోవియా నిర్బంధ శిబిరానికి పంపారు. ఆయన చేతిరాత ప్రతులను తగలబెట్టారు. 1958లో తిరిగి వచ్చేసరికి డెబ్భై ఏళ్లు. పోయిన రచనలను గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ రాయడంలోనే 1963లో చనిపోయే దాకా గడిపారు. ఆయన తిరిగొచ్చేసరికి కన్సర్వేటరీ రెక్టార్ కొలెస్సా. ఇద్దరూ ఒకే గురువు శిష్యులు, ఒకే బడిలో పనిచేసినవాళ్లు. ఒకరి జీవితం అలా కాలిపోయింది, ఒకరు క్లాసు నడుపుతూ ఉండగలిగారు. కాగితం తగలబడితే ఒక స్వరకర్త ఏం కోల్పోతాడో ఆ ఊరికి కళ్లారా తెలుసు. శిష్యుల చేతుల్లో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ జప్తు చేయలేకపోయారు.

కీవ్‌లోనూ అదే కాలంలో అదే ఒత్తిడి. 1951లో నాతాన్ రాఖ్లిన్ అనే కండక్టర్ బోరిస్ ల్యతోషిన్‌స్కీ మూడో సింఫనీని తొలిసారి వినిపించారు. దాని చివరి భాగానికి స్వరకర్త పెట్టుకున్న మాట "శాంతి యుద్ధాన్ని జయిస్తుంది". అధికారులకు అది నచ్చలేదు. ముగింపు మార్చమన్నారు, మార్చాకే 1955లో లెనిన్‌గ్రాడ్‌లో మళ్లీ మోగింది. కండక్టర్ ఉద్యోగమంటే ఏ రచన వినిపించాలో ఎంచుకునే ఉద్యోగం కూడా. ఆ ఎంపికకు అక్కడ ఎప్పుడూ ఖరీదు ఉంది.

కొలెస్సా శిష్యుల్లో అందరికంటే పేరొచ్చింది స్తెఫాన్ తుర్చాక్‌కి. 1938లో ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టారు. 1962లో ల్వివ్‌లో చదువు ముగించి, ముప్ఫై నిండకముందే కీవ్‌లో ప్రభుత్వ సింఫనీ ఆర్కెస్ట్రాకు ప్రధాన కండక్టర్ అయ్యారు. తర్వాత కీవ్ ఒపేరా కూడా. ఇంత పని నెత్తిన పెట్టుకుని కీవ్ కన్సర్వేటరీలో పాఠాలూ చెప్పారు. 1988లో, యాభై ఏళ్లకే పోయారు. ఉక్రెయిన్‌లో కండక్టర్ల పోటీ ఒకటి ఆయన పేరు మీద ఉంది. శిష్యుడు పోయాక గురువు ఇంకో పదిహేడేళ్లకు పైగా బతికారు. కొలెస్సా 2006 జూన్‌లో, 102 ఏళ్ల వయసులో, ల్వివ్‌లోనే కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో ఆ ఊరి మీద ఆస్ట్రియా, పోలండ్, సోవియట్, జర్మనీ, మళ్లీ సోవియట్, చివరికి స్వతంత్ర ఉక్రెయిన్ జెండాలు ఎగిరాయి.

ఇప్పుడు మీ అమ్మాయికి నచ్చిన ఒక్సానా లినివ్ సంగతి. వీడియోలో కనిపించేది శిఖరం. దానికి ముందున్న మెట్లు తనకు చూపించండి. 1978లో బ్రోదీ అనే చిన్న ఊళ్లో, సంగీతం ఉన్న ఇంట్లో పుట్టింది. తండ్రి కోరస్ నడిపేవాడు. ల్వివ్‌లో కొలెస్సా నడిపిన ఆ విద్యాలయంలోనే, ఇప్పుడు లిసెంకో జాతీయ సంగీత అకాడమీ అంటున్నారు, బొహ్దాన్ దాషాక్ దగ్గర కండక్టింగ్ చదివింది. 2004లో, ఇరవై ఆరేళ్లప్పుడు, జర్మనీలోని బాంబెర్గ్‌లో స్వరకర్త మాలర్ పేరిట జరిగే కండక్టర్ల పోటీలో మూడో బహుమతి వచ్చింది. ఆ పోటీలో మొదటి బహుమతి, తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన కండక్టర్ గుస్తావో దుదామెల్‌ది. తర్వాత ఆమె ఏం చేసింది? బాంబెర్గ్‌లో అసిస్టెంట్. డ్రెస్డెన్‌లో మళ్లీ విద్యార్థి. 2008 నుంచి 2013 దాకా ఒడెసా ఒపేరాలో రెండో కండక్టర్. ఆ తర్వాత నాలుగేళ్లు మ్యూనిక్ ఒపేరాలో కండక్టర్ కిరిల్ పెత్రెంకోకి అసిస్టెంట్. 2017లో ఆస్ట్రియాలోని గ్రాజ్ ఒపేరాకు ప్రధాన కండక్టర్ అయింది. అంటే బహుమతి తర్వాత పదమూడేళ్లు ఇంకొకరి నీడన.

అసిస్టెంట్ పని బయటికి కనిపించదు. రిహార్సల్‌లో హాల్ వెనక వరసలో కూర్చుని ఇత్తడి వాద్యాలు గాయని గొంతును మింగేస్తున్నాయా అని వినాలి. గాయకులతో పియానో దగ్గర విడిగా కూర్చోవాలి. వేదిక వెనక వాయించే చిన్న బృందాన్ని, ప్రధాన కండక్టర్‌ని టీవీ తెర మీద చూస్తూ నడపాలి. ప్రధాన కండక్టర్‌కి జ్వరమొస్తే ఆ సాయంత్రం మూడు గంటల ఒపేరాను రిహార్సల్ లేకుండా నడిపించడానికి సిద్ధంగా ఉండాలి. నిజం చెప్పాలంటే అదీ పాఠమే, క్లాసు గది ఒక్కటే మారింది. 2021లో బేరూత్ వాగ్నర్ ఉత్సవంలో "ఫ్లయింగ్ డచ్‌మన్" నడిపి, 1876లో మొదలైన ఆ ఉత్సవంలో ఒపేరా నడిపిన తొలి మహిళగా నిలిచింది. మరుసటి ఏడాది ఇటలీలో బొలోన్యా ఒపేరా సంగీత దర్శకత్వం. అయితే అంత పేరు రాకముందే, 2016లోనే, ఉక్రెయిన్ యువ సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించింది. పన్నెండేళ్ల పిల్లల నుంచి ఇరవైల్లో అడుగుపెట్టిన వాళ్ల దాకా అందులో వాయిస్తారు. కొలెస్సా 1931లో చేసిన పనే ఇది కూడా: ముందు వాయించేవాళ్లను తయారు చేయడం.

చదువు గురించి ఒక ముఖ్యమైన విషయం. ఉక్రెయిన్‌లో కోరస్ కండక్టింగ్ ఒక విభాగం, ఒపేరా-సింఫనీ కండక్టింగ్ ఇంకో విభాగం. రెంటికీ ప్రవేశం వేరు. చాలామంది మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి వస్తారు, ఎందుకంటే ఆ దేశంలో కోరస్ లేని పల్లె అరుదు. క్రిస్మస్‌కి మన మాల్స్‌లో మోగే "కేరల్ ఆఫ్ ద బెల్స్" బాణీ కూడా మికోలా లెయొంతొవిచ్ అనే ఉక్రెయిన్ కోరస్ మాస్టారి కూర్పే. దాన్ని ఒలెక్సాందర్ కొషెత్స్ అనే కండక్టర్ తన బృందంతో యూరప్ అంతా తిప్పి, 1922లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడించారు. పిల్లలు ఏడేళ్లకే సంగీత బడిలో చేరతారు, ఏ వాద్యం నేర్చుకున్నా పియానో, స్వరం చూసి పాడడం తప్పనిసరి. మన పిల్లలు గ్రేడ్ పరీక్షలకు మూడు పీసులు తయారు చేసి వెళ్లే పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది. ఈ తేడా నాకు ప్రతి ఏడాదీ బాధ కలిగిస్తుంది.

2022 ఫిబ్రవరి తర్వాత అక్కడ చదవడానికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. దక్షిణ ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో యూరీ కెర్పతెంకో అనే కండక్టర్ ఉండేవారు, నాటక థియేటర్‌కీ "హిలేయా" చాంబర్ ఆర్కెస్ట్రాకీ పనిచేసేవారు. ఊరు రష్యా ఆక్రమణలో ఉన్నప్పుడు, అంతా బాగానే ఉందని చూపించడానికి ఆక్రమణ అధికారులు అక్టోబర్ 1న సంగీత దినోత్సవ కచేరీ పెట్టాలనుకున్నారు. ఆయన నడపనన్నారు. ఆయన్ను ఇంట్లోనే కాల్చి చంపారని ఉక్రెయిన్ సాంస్కృతిక శాఖ ప్రకటించింది. నలభై ఆరేళ్లు. రెండు పియానోల క్లాసులో చెయ్యి ఎప్పుడు లేపాలో నేర్పుతారు. ఎప్పుడు లేపకూడదో ఆయనకు తెలుసు. నేనెప్పుడూ ఆయన్ను కలవలేదు, కానీ నా పిల్లలకు ఐదో సింఫనీ చెప్పేటప్పుడు ఆ పేరు చెప్పకుండా ఉండలేను.

ఇక మీ అమ్మాయికి. మన దేశంలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అంటే ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే. కాబట్టి ఇక్కడ ఉద్యోగం చూసుకుని ఈ చదువు ఎంచుకోవద్దు. కండక్టింగ్ డిగ్రీకి జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్రభుత్వ సంగీత విద్యాలయాలున్నాయి. ప్రవేశ పరీక్షలో పియానో వాయించమంటారు, స్కోర్ (అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట ఉన్న ప్రతి) చూపించి అక్కడికక్కడే పియానో మీద వినిపించమంటారు. వయొలిన్ ఒక్కటే చాలదు. ఇవాళే పియానో మొదలుపెట్టించండి, ప్రవేశానికి కావలసిన స్థాయి రావడానికి ఏళ్ల తరబడి గట్టి సాధన కావాలి. ఇంటికి దగ్గర్లో ఏ చర్చి కోరస్ ఉన్నా వెళ్లి పాడమనండి, ఏ మతమైనా వాళ్లు కాదనరు.

స్కోర్ చదవడం అంటే ఏమిటో తనకు ఈ వారమే తెలియాలి. బీథోవెన్ ఐదో సింఫనీ స్కోర్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీ ప్రింట్ తీయండి. ఒకదాని కింద ఒకటి పది పన్నెండు వరసలుంటాయి. పై నుంచి మూడో వాద్యం క్లారినెట్. అందులో "సి" అని రాసి ఉన్నచోట వినిపించేది "బి ఫ్లాట్". ఆ వాద్యం కట్టుబాటే అంత, హార్న్‌కి ఇంకో లెక్క. వీటన్నింటినీ ఒకేసారి చూస్తూ లోపల వినగలగాలి. ముందు వయొలిన్ వరస ఒక్కటే పాడమనండి. మరుసటి రోజు అది పాడుతూ క్లారినెట్ వరస వేలితో చూపించమనండి. తర్వాత తను అద్దం ముందు నిలబడి ఆ మొదటి ఖాళీకి చెయ్యి లేపుతుంటే మీరు వీడియో తీసి నాకు పంపండి. మణికట్టు ఎక్కడ బిగుసుకుంటోందో చూసి చెబుతాను.